రేడియోలను ఐపీ మీద కలపడంలో అసలు తంటా ఎక్కడుంది

ఒక పక్క పాత వీహెచ్‌ఎఫ్ అనలాగ్ రిపీటర్ (అందుకున్న సిగ్నల్‌ను తిరిగి ప్రసారం చేసే స్టేషన్), ఇంకో పక్క డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో టాక్‌గ్రూప్, మరో పక్క ఫోన్‌లో పుష్ టు టాక్ (నొక్కి మాట్లాడే) యాప్. ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినాలి. ఈ పని చేతికి రాగానే ఎవరైనా ముందు అడిగేది కోడెక్ గురించే, అంటే శబ్దాన్ని బిట్లుగా మార్చే పద్ధతి గురించే. నిజానికి అది చాలావరకు తీరిపోయిన లెక్క. శబ్దాన్ని పీసీఎంలోకి, అంటే కుదించని అంకెల్లోకి తెచ్చి, ప్యాకెట్లుగా కట్టి పంపితే అవతల శబ్దం వస్తుంది. తీరనిది వంతు సంగతి. ఎవరో బటన్ నొక్కారని, ఇప్పుడు వదిలారని అవతలి వ్యవస్థకు ఎలా తెలియాలి? ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా లైను తెగిపోదు. రేడియోలో ఒకరు నొక్కి ఉంచితే మిగతా అందరి నోరూ కట్టేసినట్టే. ఐపీ ప్యాకెట్‌కి ఈ వంతుల గొడవ ఏమీ తెలియదు, మనమే నేర్పాలి. పాడైన లింకుల్లో ఎక్కువ భాగం అక్కడే పాడవుతాయి.

నొక్కారని తెలిసేది ఎలా

అన్నిటికంటే తేలికైన దారి వాక్స్. శబ్దం వినబడితే ఎవరో మాట్లాడుతున్నారని గేట్‌వే (రేడియోను ఐపీకి కలిపే పెట్టె) అనుకుంటుంది. ఆడియో వైరు ఒక్కటి చాలు కాబట్టి తొందరలో ఉన్నవాళ్లు దీనికే మొగ్గుతారు. కానీ మాట మొదలయ్యాక గానీ అది మేల్కోదు, అందుకే మొదటి అక్షరాన్ని మింగేస్తుంది. మాట్లాడేవాళ్లు ఊపిరి తీసుకుంటే అయిపోయిందనుకుని వదిలేస్తుంది. అలా వదలకుండా హ్యాంగ్ టైమ్ (మాట ఆగాక పట్టి ఉంచే సమయం) పెంచితే ఈసారి అవతలివాళ్ల జవాబులో మొదటి ముక్క పోతుంది. వేరే దారే లేని రోజున తప్ప వాక్స్ వాడకపోవడం మంచిది.

సరైన దారి సీఓఆర్ లైను, అంటే సిగ్నల్ వస్తోందని రిసీవర్ చెప్పే తీగ. రిసీవర్ స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసి ఉంచే గేటు) తెరుచుకున్నప్పుడు ఒక పిన్ను మీద వోల్టేజీ మారుతుంది, గేట్‌వే దాన్ని చూస్తుంది. చాలా మొబైల్ రేడియోల వెనక ఆరు పిన్నుల మినీ డిన్ డేటా జాక్ ఉంటుంది. అందులో 1 డేటా ఇన్, 2 గ్రౌండ్, 3 పీటీటీ (పుష్ టు టాక్, ప్రసారం మొదలుపెట్టేది), 4 9600 అవుట్, 5 1200 అవుట్, 6 స్క్వెల్చ్. ఈ ఆరో పిన్నే మనకు కావలసింది. స్క్వెల్చ్ తెరిస్తే అది పైకి వెళ్తుందా కిందికి వస్తుందా అన్నది ఒక్కో రేడియోకి ఒక్కోలా ఉంటుంది. మాన్యువల్‌ని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఇది తలకిందులైతే ఎవరూ మాట్లాడనంతసేపూ గేట్‌వే ప్రసారం చేస్తుంది, ఎవరైనా నొక్కగానే మూగబోతుంది. చూడ్డానికి నవ్వు తెప్పించే తప్పే, రాత్రంతా ఛానెల్ పట్టుకుని కూర్చుంటే మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

నాలుగు, ఐదు పిన్నుల మధ్య తేడా కూడా తెలిసి ఉండాలి. ఐదోది వడపోసి, డీ-ఎంఫసిస్ చేసిన (ప్రసారంలో పెంచిన పై స్వరాలను తిరిగి తగ్గించిన) శబ్దం, మన చెవికి మామూలుగా వినిపిస్తుంది. నాలుగోది డిస్క్రిమినేటర్ (ఎఫ్‌ఎం సిగ్నల్ నుంచి శబ్దాన్ని విడదీసే భాగం) నుంచి నేరుగా వచ్చే పచ్చి శబ్దం. దాన్ని అలాగే పంపితే మాట పలచగా, సకారాలు కోసుకుపోతున్నట్టు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆక్టేవ్‌కి 6 డెసిబెల్స్ చొప్పున డీ-ఎంఫసిస్ పెట్టాలి. దీనికో లాభమూ ఉంది: సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాట కింద సన్నగా నడిచే గుర్తింపు టోన్) ఇందులో చెక్కుచెదరకుండా వస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేరే దాన్ని పట్టుకోగలదు. మెనూలో 1200, 9600 మారిస్తే ఒకటో పిన్ను ఆశించే లెవెల్ కూడా మారిపోతుంది. 1200కి సుమారు 40 మిల్లీవోల్టులు, 9600కి సుమారు 2 వోల్టులు, రెండూ పీక్ టు పీక్. ఎవరో మెనూ కదిపితే నిన్నటిదాకా బాగున్న లింకు ఇవాళ గుసగుసలాడడానికి కారణం ఇదే.

పీటీటీ వైపు ఓపెన్ కలెక్టర్ ట్రాన్సిస్టర్ ఒకటి చాలు. గ్రౌండ్ కలవకుండా ఉండాలంటే ట్రాన్సిస్టర్ బదులు పీసీ817 లాంటి ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే భాగం) వాడాలి, ఆడియో దారిలో 600 ఓమ్‌లకు 600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. కంప్యూటర్‌కి, రేడియోకి వేర్వేరు పవర్ సప్లైలు ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే హమ్ వస్తుంది. సీఎం108, సీఎం119 చిప్పులున్న యూఎస్‌బీ సౌండ్ కార్డులు ఈ రంగంలో ఎక్కువగా కనిపించడానికి కారణం ధ్వని నాణ్యత కాదు. వాల్యూమ్ తగ్గించే బటన్ పిన్నును సీఓఆర్‌కి, జీపీఐఓ 3 అనే పిన్నును పీటీటీకి వాడుకోవచ్చు. అంటే ఆడియో, వంతు రెండూ ఒకే యూఎస్‌బీ తీగలో నడుస్తాయి. ప్రసారం మొదలవగానే యూఎస్‌బీ ఊడిపోతుంటే అది డ్రైవర్ తప్పు కాకపోవచ్చు, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగం) తీగల్లోకి చొరబడుతోంది. రెండు చివర్లా ఫెరైట్లు (ఆ తరంగాన్ని అడ్డుకునే ముక్కలు) వేసి, యాంటెన్నాను దూరం జరిపి చూడండి.

పింగ్‌పాంగ్

రెండు రిపీటర్లను కలిపినప్పుడు వచ్చే జబ్బు ఇది. మాట్లాడినవాళ్లు బటన్ వదిలాక కూడా రిపీటర్ కొన్ని సెకన్లు క్యారియర్‌ను (మాట లేని ఖాళీ సిగ్నల్‌ను) గాల్లో ఉంచుతుంది, దీన్నే తోక అంటారు. పక్కనున్న లింకు రేడియో (గేట్‌వేకి కలిపిన రేడియో) దాన్ని చూసి ఇంకా ఎవరో మాట్లాడుతున్నారనుకుని అవతలి రిపీటర్‌ను లేపుతుంది. ఇవతలిది పడుకునేసరికి అవతలిదాని తోక మొదలై, అక్కడి లింకు రేడియో ఇవతలిదాన్ని లేపుతుంది. ఎవరూ లేకుండానే రెండూ తెల్లవార్లూ ఒకదాన్నొకటి లేపుకుంటాయి.

హ్యాంగ్ టైమ్ తగ్గించి దీన్ని దాటొచ్చనుకుంటారు, అది తాత్కాలికమే. మందు టోన్‌లో ఉంది. మనిషి మాట్లాడుతున్నంతసేపే సీటీసీఎస్‌ఎస్ ప్రసారం చేసేలా, తోక సమయంలో టోన్ ఆపేసేలా రిపీటర్ కంట్రోలర్‌ను సెట్ చేయాలి. లింకు రేడియోను టోన్ స్క్వెల్చ్‌లో (టోన్ ఉంటేనే తెరుచుకునేలా) పెట్టాలి. అప్పుడు తోక గాల్లో ఉన్నా గేట్‌వేకి కనబడదు. రిపీటర్ మన చేతిలోనే ఉంటే ఇంకా మంచిది: లింకు రేడియోను పక్కనపెట్టి గేట్‌వేను నేరుగా కంట్రోలర్ పోర్టుకే కలపాలి.

ఈ దారి వేసినవాళ్లు

ఈ వంతుల సమస్యను జనంలోకి వచ్చే పరికరాలతో పరిష్కరించింది ఎక్కువగా అమెచ్యూర్ (హామ్) రేడియోవాళ్లే. కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ క్యామెరన్ 1997లో రేడియోలను ఇంటర్నెట్‌తో కలిపే ఐఆర్‌ఎల్‌పీ మొదలుపెట్టాడు. మొదట విండోస్ మీద రెడీమేడ్ ఇంటర్నెట్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నిస్తే లింకులు నిలవలేదు. లైనక్స్‌కి మారి, సీఓఆర్‌ను, డీటీఎంఎఫ్‌ను (కీప్యాడ్ టోన్లను) చదివి, పీటీటీని నడిపే చిన్న బోర్డు ఒకటి తయారుచేశాక గానీ అది కుదురుకోలేదు. అందులో ఒక నియమం ఉంది: లోపలికి రావాలంటే రేడియో నుంచే రావాలి, కంప్యూటర్ మైకు నుంచి కుదరదు. నోడ్‌లు (నెట్‌వర్క్‌లోని స్టేషన్లు) ఒకదాన్నొకటి పీజీపీ అనే గుప్తలిపి తాళంచెవులతో గుర్తుపడతాయి. ఛాందసంగా కనిపించినా, గాల్లోకి వెళ్లే ప్రతి మాట వెనకా లైసెన్సున్న రేడియో ఒకటి ఉందన్న భరోసా దాంతో వచ్చింది.

2002లో జొనాథన్ టేలర్ ఎకోలింక్‌తో ఆ తలుపు తెరిచాడు. పీసీ ముందు కూర్చున్నవాళ్లు కూడా కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) రుజువు చేసుకుంటే రిపీటర్‌తో మాట్లాడొచ్చు. జీఎస్‌ఎం కోడెక్ వాడాడు, అంటే సెకనుకి 13 కిలోబిట్లు. డయలప్ లైన్ల మీదా నడిచింది. యూడీపీ 5198, 5199, టీసీపీ 5200 పోర్టులు తెరవడం తెలియక ఇంటి రూటర్ల దగ్గర ఆగిపోయినవాళ్లకు లెక్కే లేదు.

నా దృష్టిలో వీళ్లందరిలోకీ దూరం చూసినవాడు జిమ్ డిక్సన్. టెలిఫోన్ లైన్లను మామూలు పీసీకి కలిపే కార్డు డిజైన్‌ను ఆయన అందరికీ ఇచ్చేశాడు. మార్క్ స్పెన్సర్ రాసిన ఆస్టరిస్క్ నిజమైన ఫోన్ ఎక్స్ఛేంజీగా ఎదగడానికి ఆ పని పునాది అయింది. తర్వాత ఆయనే ఆస్టరిస్క్ లోపల యాప్ ఆర్‌పీటీ అనే రిపీటర్ కంట్రోలర్ రాశాడు. ఆల్‌స్టార్‌లింక్ అనే రేడియో నెట్‌వర్క్ దాని మీదే నడుస్తుంది. రిపీటర్ కంట్రోలర్‌ను ఫోన్ ఎక్స్ఛేంజీలో ఒక భాగంగా చూడడం ఆయన కిటుకు. దాంతో ఎన్ని నోడ్‌లనైనా కాన్ఫరెన్సులా కలపొచ్చు, ఒక్కోదానికి తన మాట తనకు తిరిగి రాకుండా మిగతావి మాత్రమే కలిపి పంపొచ్చు. నక్షత్రం 3 నొక్కి నోడ్ నంబరు కొడితే కలుస్తుంది, నక్షత్రం 1తో విడిపోతుంది. నోడ్‌ల మధ్య ఐఏఎక్స్2 అనే ప్రోటోకాల్ ఒక్క యూడీపీ పోర్టు 4569 మీదే నడుస్తుంది, ఫైర్‌వాల్ పెట్టేవాళ్లకు ఇది ఎంత హాయో ఇంటర్నెట్ ఫోన్లు వాడే సిప్, ఆర్‌టీపీ పోర్టులతో కుస్తీపట్టినవాళ్లకే తెలుసు. డిక్సన్ 2016లో పోయాడు.

స్థితి పంపండి, సంఘటన కాదు

నొక్కినప్పుడు ఒక ప్యాకెట్, వదిలినప్పుడు ఒక ప్యాకెట్ పంపితే చాలనిపిస్తుంది. వదిలానన్న ప్యాకెట్ దారిలో పోయిందనుకోండి, అవతలి ట్రాన్స్‌మీటర్ అలాగే నొక్కి ఉండిపోతుంది. అందుకే అనుభవంతో పుట్టిన ప్రోటోకాల్స్ చాలావరకు ప్రతి ప్యాకెట్‌లోనూ ప్రస్తుత స్థితిని మోసుకెళ్తాయి. విమానాశ్రయ కంట్రోల్ టవర్ల రేడియోల కోసం యూరప్ విమానరంగ ప్రమాణాల సంస్థ యూరోకే రూపొందించిన ఈడీ-137లో పీటీటీ, స్క్వెల్చ్ స్థితులు ఆర్‌టీపీ హెడర్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటాయి, మాట లేనప్పుడూ కీప్ అలైవ్ ప్యాకెట్లు వెళ్తూనే ఉంటాయి. అమెచ్యూర్ లోకంలో అనలాగ్, డిజిటల్ బ్రిడ్జిల మధ్య వాడే యూఎస్‌ఆర్‌పీ కూడా ఇదే దారి: 32 బైట్ల హెడర్, వెనక 20 మిల్లీసెకన్ల పీసీఎం 320 బైట్లు. ఆ హెడర్‌లో కీఅప్ అని ఒక గడి.

సొంతంగా గేట్‌వే రాసుకునేవాళ్లు మూడు నియమాలు పెట్టుకోవాలి. ప్రతి ప్యాకెట్‌లో స్థితి ఉండాలి. కొద్దిసేపు, ఉదాహరణకు అర సెకను, ప్యాకెట్ రాకపోతే పీటీటీ దానంతటదే వదిలేయాలి. ఏం జరిగినా 3 నిమిషాలకు మించి నొక్కి ఉండకుండా టైమర్ ఉండాలి. ఈ చివరిది సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, రేడియో మెనూలోనూ పెట్టండి. ప్రాసెస్ హ్యాంగయితే దాని లోపలి టైమర్ కూడా దాంతోపాటే హ్యాంగవుతుంది కదా.

పాత డిస్పాచ్ కన్సోళ్లు (కంట్రోల్ రూములో రేడియోలు నడిపే బల్లలు) లైను మీదే టోన్లతో వంతు చెబుతాయి. 2175 హెర్ట్జ్ గార్డ్ టోన్ 120 మిల్లీసెకన్లు గట్టిగా, తర్వాత 40 మిల్లీసెకన్ల ఫంక్షన్ టోన్, ఆపైన నొక్కి ఉంచినంతసేపూ మాట కింద అదే 2175 చాలా సన్నగా. దీన్ని జీ.729 లాంటి కుదింపు కోడెక్‌లోకి తోస్తే ఆ సన్న టోన్ బతకదు, మాట మధ్యలో పీటీటీ ఊడిపోతుంటుంది. ఇలాంటి లైన్లకు జీ.711 (ఫోన్లలో వాడే, కుదింపు దాదాపు లేని కోడెక్) తప్ప వేరేది పెట్టొద్దు. ఎకో క్యాన్సెలర్, ఆటోమేటిక్ గెయిన్, నిశ్శబ్దాన్ని తొలగించే వీఏడీ మూడూ ఆపేయాలి. డీటీఎంఎఫ్‌దీ ఇదే కథ: అంచులోనే డీకోడ్ చేసి, అంకెలను విడిగా పంపాలి.

లెవెల్ సర్దడం

చెవితో సర్దితే ఎప్పటికీ కుదరదు. 1 కిలోహెర్ట్జ్ టోన్ తీసుకోవాలి, గరిష్ఠ డీవియేషన్‌లో (శబ్దానికి ఫ్రీక్వెన్సీ ఊగే మేరలో) 60 శాతం దగ్గర పెట్టాలి. అంటే 25 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో 3 కిలోహెర్ట్జ్, 12.5 ఛానెల్‌లో 1.5. ఆ టోన్ వస్తుండగా గేట్‌వే ఇన్‌పుట్‌ను సర్దాలి, పూర్తి డీవియేషన్‌కి వెళ్లినా క్లిప్పవకుండా పైన ఇంకో 5, 6 డెసిబెల్స్ ఖాళీ ఉండాలి. తర్వాత అదే టోన్ అవతలి ట్రాన్స్‌మీటర్‌లో మళ్లీ 60 శాతం డీవియేషన్ ఇచ్చేలా అవుట్‌పుట్ సర్దాలి. ప్రతి అంచునూ ఇలా విడిగా ఒకే ప్రమాణానికి తెస్తే ఎన్ని కలిపినా లెవెల్స్ కలుస్తాయి. రెండింటిని ఒకదానికొకటి సర్దుకుంటూ పోతే మూడోది వచ్చిన రోజున అన్నీ చెడతాయి. సీటీసీఎస్‌ఎస్ అవతలికి కారకుండా 300 హెర్ట్జ్ కింద కోసేయాలి.

నెట్‌వర్క్ వైపు

జీ.711లో 20 మిల్లీసెకన్లకు 160 బైట్లు, దానికి ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 40 బైట్లు. సెకనుకి 50 ప్యాకెట్లు, అంటే 80 కిలోబిట్లు. బ్యాండ్‌విడ్త్ సమస్య ఇవాళ దాదాపు లేనట్టే. ఫోన్ కాల్‌కు చెప్పే 150 మిల్లీసెకన్ల పరిమితిని ఇక్కడా పట్టుకు వేలాడతారు, అంత అవసరం లేదు. వంతులవారీ మాటలో అంతకంటే ఎక్కువ ఆలస్యమున్నా పని నడుస్తుంది. మొదటి అక్షరం పోవడమే జనాన్ని విసిగిస్తుంది. కాబట్టి తీగ లైన్ల మీద 60, మొబైల్ డేటా మీద 150 నుంచి 200 మిల్లీసెకన్ల జిట్టర్ బఫర్ (ప్యాకెట్లు వచ్చే సమయాల తేడాను సర్దే నిల్వ) పెట్టడానికి వెనకాడొద్దు.

మల్టీకాస్ట్ (ఒకే ప్యాకెట్‌ను గ్రూపంతటికీ పంపడం) వాడే గేట్‌వేల దగ్గర ఒక తప్పు పదేపదే కనిపిస్తుంది. లింకు పెట్టగానే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నాలుగు నిమిషాల పైచిలుకుకి ఒక వైపు మూగబోతుంది. రీబూట్ చేస్తే మళ్లీ బాగవుతుంది. స్విచ్చిలో ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ పోర్టులో గ్రూపు సభ్యులున్నారో గమనించడం) ఆన్‌లో ఉంది, క్వెరియర్ (సభ్యులు ఇంకా ఉన్నారా అని అడిగేది) మాత్రం లేదు. మామూలు సెట్టింగుల్లో 260 సెకన్లకు గ్రూపు సభ్యత్వం గడువు తీరి స్విచ్చి ఆ పోర్టుకు పంపడం ఆపేస్తుంది. క్వెరియర్ ఆన్ చేస్తే చాలు. వైఫై మీద మల్టీకాస్ట్ మాత్రం వద్దు. దానికి అక్నాలెడ్జ్‌మెంట్ ఉండదు, పోయిన ప్యాకెట్ పోయినట్టే.

మొబైల్ డేటాలో బయటి నుంచి లోపలికి పోర్టు తెరవడం సాధారణంగా కుదరదు. గేట్‌వే నుంచే బయటి సర్వర్‌కి వైర్‌గార్డ్ (వీపీఎన్) టన్నెల్ పెట్టి, కీప్ అలైవ్ 25 సెకన్లు ఇవ్వండి. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ (దారిలో సిప్ ప్యాకెట్లను సవరించే సదుపాయం) ఉంటే ఆపేయండి, అది సాయం చేసిన సందర్భాలు అరుదు.

సౌండ్ కార్డుల గడియారాలు కూడా ఒకదానితో ఒకటి సరిపోవు. 100 పీపీఎం (పది లక్షలకు 100) తేడా ఉంటే సెకనుకి 8000 శాంపిళ్లలో 0.8 శాంపిల్ జారుతుంది, 200 సెకన్లకు ఒక పూర్తి ప్యాకెట్. ఎడతెగని ఆడియో మోసే లింకుల్లో అప్పుడప్పుడూ టక్కుమనే శబ్దం ఇదే. మాట ఆగిన ప్రతిసారీ బఫర్‌ను ఖాళీ చేసి మళ్లీ మొదలుపెడితే ఇది వినబడదు. వంతు సరిగ్గా తెలిస్తే ఇదీ తీరుతుందన్నమాట.

డిజిటల్ వచ్చాక

డీఎంఆర్‌లో మాట 2450 బిట్లు, తప్పులు దిద్దడానికి 1150, మొత్తం సెకనుకి 3600. ఏఎంబీఈ+2 కోడెక్. ఎన్‌ఎక్స్‌డీఎన్, యాయెసు కంపెనీ సిస్టమ్ ఫ్యూజన్ డీఎన్ అనే ఇతర డిజిటల్ మోడ్‌లదీ అదే కుటుంబం కాబట్టి వాటి మధ్య బిట్లను విప్పి తిరిగి సర్దితే చాలు, మాట నాణ్యత పోదు. డీ-స్టార్ అనే మోడ్‌ది పాత ఏఎంబీఈ, పీ25 అనేదాని మొదటి దశది ఐఎంబీఈ. వీటితో కలపాలంటే పీసీఎంలోకి విప్పి మళ్లీ కుదించాలి, ప్రతి మలుపులో కొంత స్పష్టత పోతుంది. వెనకాల ఇంజను మోత ఉంటే రెండో మలుపుకే మాట ముద్దయిపోతుంది. ఇన్ని మోడ్‌లను ఒకే చిన్న బోర్డు మీదికి తెచ్చిన ఘనత ఎంఎండీవీఎం సాఫ్ట్‌వేర్ రాసిన జొనాథన్ నేలర్‌ది. ఈ కంపెనీ సొత్తు కోడెక్‌ల చెర నుంచి బయటపడే దారిని డేవిడ్ రోవ్ అందరికీ తెరిచిన కోడెక్2తో వేశాడు, వోయిచెక్ కాచ్‌మార్స్కీ మొదలుపెట్టిన ఎం17 అనే డిజిటల్ రేడియో మోడ్ దాన్నే వాడుతుంది.

చాలా డిజిటల్, ట్రంకింగ్ (ఛానెళ్లను అవసరాన్ని బట్టి పంచే) వ్యవస్థల్లో నొక్కగానే ఛానెల్ దొరకదు, అనుమతి రావాలి. అనలాగ్ మనిషి ఆ సంగతి తెలియక నొక్కగానే మాట్లాడేస్తాడు. అనుమతి వచ్చేదాకా గేట్‌వే ఆ మాటను దాచుకుని, తర్వాత మొదటి నుంచి వినిపించాలి. అనుమతి రాకపోతే అనలాగ్ వైపుకి బిజీ టోన్ ఇవ్వాలి. మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ 13వ విడుదలలోని ఎంసీపీటీటీలో (అత్యవసర సేవల పుష్ టు టాక్‌లో) వంతు ఇవ్వడానికి, నిరాకరించడానికి, లాక్కోవడానికి విడివిడి సందేశాలున్నాయి. అనలాగ్ రేడియోకి అవేవీ తెలియవు: తను ప్రసారం చేస్తున్నంతసేపూ చెవి మూసుకునే ఉంటుంది, మధ్యలో లాక్కోవడం అసాధ్యం. ఈ పరిమితి ఏ గేట్‌వే కొన్నా పోదు, వాడేవాళ్లకు ముందే చెప్పాలి.

చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మాట్లాడేవాళ్ల ఐడీ అనలాగ్ వైపు దాటదు, తిరుగు దారిలో అందరూ గేట్‌వే ఐడీతోనే కనబడతారు. ఎమర్జెన్సీ బటన్ సాధారణంగా దాటదు. ఎన్‌క్రిప్షన్ గేట్‌వే దగ్గర విప్పాల్సిందే, అవతల అనలాగ్ ఉంటే మాట బహిరంగమే. రేడియోను ఫోన్ నెట్‌వర్క్‌కి కలపడానికి లైసెన్సు నిబంధనలు దేశదేశానికీ వేరు, చూసుకోవాలి.

రెండు గేట్‌వేలు తెలియకుండా ఒకే జత గ్రూపులను కలిపితే మాట గిరగిరా తిరుగుతుంది. అందుకే ఏ గ్రూపు ఎక్కడ కలిసిందో ఒకే చోట రాసిపెట్టి, కలిపే అధికారం ఒక్కరి చేతిలోనే ఉంచాలి.

పరీక్షించేటప్పుడు హలో హలో అనొద్దు, ఆ పదంలో మొదటి అక్షరం తెగినా చెవి పూరించేసుకుంటుంది. నొక్కిన వెంటనే ఆగకుండా ఒకటి నుంచి పది అంకెలు చదవండి. అవతల ఒకటి వినిపించిందా, రెండు నుంచి మొదలైందా, పది పూర్తిగా వచ్చిందా రాసుకోండి. తర్వాత వదిలిన క్షణంలోనే అవతలివాళ్లను నొక్కి చదవమనండి. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ప్రతి జతకీ విడిగా చేయాలి. చివరగా, అవతల ఎవరో మాట్లాడుతుండగా గేట్‌వే నెట్‌వర్క్ కేబుల్ పీకి, పీటీటీ ఎన్ని సెకన్లకు వదిలిందో గడియారం పెట్టి చూడండి.